ఏఎఫ్‌ఎల్: జీతాలు లక్షల్లో, ఫైన్లు వేలల్లో. శిక్ష అసలు ఎవరికి పడుతోంది?

ఫుట్స్‌క్రే_వాసి (మెల్‌బోర్న్)

ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, చూసే మనవాళ్లందరినీ దాని పెద్ద లీగ్ ఏఎఫ్‌ఎల్ గురించి ఒకటి అడగాలి. ఈ సీజన్ అంతా నాకు మనసులో నలుగుతున్న విషయం ఇది.

2023 సెప్టెంబర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, మగవాళ్లకూ ఆడవాళ్లకూ కలిపి ఐదేళ్లలో ఆటగాళ్లకు వెళ్లేది సుమారు 220 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. 2027 నాటికి మగ ఆటగాళ్ల సగటు జీతం ఏడాదికి 5 లక్షల డాలర్లు దాటుతుంది. పెద్ద స్టార్లయితే పది లక్షలు, ఆ పైన. దాని మీద నాకు ఏడుపేమీ లేదు. 2025 నుంచి 2031 దాకా ప్రసార హక్కులే 450 కోట్ల డాలర్లు పలికాయి. ఆ డబ్బు తెచ్చిపెట్టేది ఒళ్లు గుల్ల చేసుకుని ఆడేవాళ్లే, వాళ్లకు వాటా రావాల్సిందే.

నా బాధంతా ఫైన్ల గురించి. మ్యాచ్‌లు అవగానే ఆటలో తప్పులు చూసి శిక్ష ప్రకటించే మ్యాచ్ రివ్యూ ఆఫీసర్ జాబితా వస్తుంది. కాలు అడ్డం పెట్టి పడేసినా, గుంపులో తోసుకున్నా కొన్ని వేల డాలర్లు. తప్పు ఒప్పుకుంటే అందులోనూ తగ్గింపు. ఏడాదికి పది లక్షలు తీసుకునేవాడికీ, మొన్ననే డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు కొత్తవాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ ఒకటే రేటు. ఫైన్ అనేది జీతంలో శాతంగా ఉండాలని నేనంటాను. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు (జీలాంగ్)

శాతం వేయాలంటే ముందు జీతం ఎంతో తెలియాలి కదండీ. ఇక్కడ చిక్కు అదే. ప్యాట్ కమిన్స్‌ను సన్‌రైజర్స్ 20.5 కోట్లకు కొన్నదని హైదరాబాద్‌లో బడి పిల్లలు కూడా చెబుతారు. ఏఎఫ్‌ఎల్‌లో ఫలానా ఆటగాడి జీతం ఇంత అని లీగ్ పేరు పెట్టి ఎప్పుడూ చెప్పదు. ఏటా వచ్చే నివేదికలో, ఇంత నుంచి ఇంత దాకా తీసుకునేవాళ్లు ఇంతమంది అని వరసలు మాత్రం ఉంటాయి. పేపర్లలో కనిపించేవన్నీ విలేకరులు ఆరా తీసి రాసిన అంకెలు. శాతం లెక్కన ఫైన్ వేసి ఆ మొత్తం బయటపెడితే జీతం బయటపడినట్టే. ప్లేయర్స్ అసోసియేషన్ దానికి ఒప్పుకుంటుందని నేను అనుకోను.

ఇంకో సంగతి ఉంది, మీరు దాని జోలికి పోలేదు. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడి కాంట్రాక్టులో బేస్ జీతం వేరు, సీనియర్ మ్యాచ్ ఆడిన ప్రతిసారీ వచ్చే డబ్బు వేరు. సస్పెండ్ అయితే ఆ మ్యాచ్ డబ్బు రాదు. పెద్ద కాంట్రాక్టుల్లో చాలావరకు మొత్తం ముందే ఖాయం అయిపోతుంది. అంటే రెండు వారాల సస్పెన్షన్ కుర్రాడి జేబుకు తగులుతుంది, స్టార్ జేబుకు అంతగా తగలదు. కాబట్టి ఫైన్లతోనే ఆగకండి, సస్పెన్షన్లలోనూ ఈ తేడా ఉంది.

కూకట్‌పల్లి_క్రికెట్ (హైదరాబాద్)

అన్నా, నేను ఇక్కడి నుంచి మా కజిన్ వల్ల ఫుటీ చూడ్డం మొదలుపెట్టా. గోల్‌కు 6 పాయింట్లు, గురి కాస్త తప్పిన బిహైండ్‌కు 1, అంతవరకు వచ్చింది. క్రికెట్‌లో ఐసీసీ శాతం పద్ధతే వాడుతుంది కదా, మొదటి స్థాయి తప్పుకు మ్యాచ్ ఫీజులో 50 శాతం దాకా కోస్తారు. కానీ ఐపీఎల్‌లో స్లో ఓవర్ రేటుకు కెప్టెన్‌కు మొదటిసారి 12 లక్షలు, రెండోసారి 24 లక్షలు అని ఖాయం మొత్తమే. అది చూసి ఏ కెప్టెన్ అయినా ఓవర్లు త్వరగా వేయించాడా అంటే నాకైతే కనపడలేదు. మ్యాచ్ ఆడనివ్వం అంటేనే భయం పుడుతుంది.

ఒక డౌట్. శాలరీ క్యాప్ అని వింటుంటా, అది మన ఫ్రాంచైజీ పర్స్ లాంటిదేనా?

ఫుట్స్‌క్రే_వాసి

దగ్గరగానే ఉంటుంది తమ్ముడూ, ఒక క్లబ్ జీతాలకు పెట్టగల మొత్తానికి పరిమితి అది, కానీ ఇక్కడ వేలం లేదు. క్యాప్ 1980ల్లో వచ్చింది, డ్రాఫ్ట్ 1986లో. అప్పటికి చాలా క్లబ్బులు అప్పుల్లో ఉన్నాయి. డబ్బున్న నాలుగు క్లబ్బులు మంచివాళ్లందరినీ ఎగరేసుకుపోతే మిగతావి మూతపడతాయన్న భయంతో తెచ్చారు. ఆఖరున నిలిచిన జట్టుకు డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం. క్యాప్‌కు కింద గీత కూడా ఉంది, మొత్తంలో కనీసం 95 శాతం ఖర్చు పెట్టి తీరాలి. అందుకే ఆఖరి స్థానంలో ఉన్న జట్టు కూడా ఎవరో ఒకరికి పెద్ద జీతాలు ఇస్తుంది. "ఇంత ఓడిపోతూ అంత జీతమా" అని తిట్టేవాళ్లకు ఈ సంగతి గుర్తుండదు.

మా బుల్‌డాగ్స్ టామ్ బాయిడ్ కథ తెలుసా? 2013 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్, సిడ్నీలోని రెండో క్లబ్ జీడబ్ల్యూఎస్ తీసుకుంది. ఒక్క సీజన్ ఆడాడో లేదో, మా కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ అటు వెళ్తానన్నాడు. దానికి బదులుగా బాయిడ్ ఇటు వచ్చాడు. ఏడేళ్లకు 70 లక్షల డాలర్లు అని పేపర్లన్నీ రాశాయి. అప్పటికి వాడికి 19 ఏళ్లు. ఆ రోజు నుంచి బంతి జారవిడిచిన ప్రతిసారీ స్టాండ్స్‌లోంచి ఆ డబ్బు మాటే వినపడేది. 2016 గ్రాండ్ ఫైనల్‌లో, అంటే టైటిల్ తేల్చే మ్యాచ్‌లో, మూడు గోల్స్ కొట్టాడు. నాలుగో క్వార్టర్‌లో చాలా దూరం నుంచి కొట్టిన ఆ బంతి దొర్లుకుంటూ లోపలికి వెళ్లినప్పుడు మెల్‌బోర్న్ పడమటి పేటల్లో ఏడవనివాళ్లు లేరు. 62 ఏళ్ల తర్వాత ఫ్లాగ్, అంటే టైటిల్! మరుసటి ఏడాదే డిప్రెషన్‌తో కొన్నాళ్లు ఆటకు దూరమయ్యాడు. 2019లో, 23 ఏళ్లకే రిటైరయ్యాడు, కాంట్రాక్టులో మిగిలిన డబ్బు వదిలేసి. ఆ 70 లక్షలు దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఒక్క మధ్యాహ్నానికే మా క్లబ్ ఇచ్చిన ప్రతి డాలరూ వసూలైంది.

మాగ్‌పై_మనోడు (మెల్‌బోర్న్)

బాయిడ్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ పొడుగు కాంట్రాక్టులు జట్టును ఎలా ముంచుతాయో మా కాలింగ్‌వుడ్‌ను చూసి తెలుసుకోవాలి. బ్రోడీ గ్రండీకి 2020లో ఏడేళ్ల ఒప్పందం ఇచ్చారు. అదే ఏడాది చివర్లో క్యాప్‌లో ఊపిరాడక ట్రెలోర్, స్టీఫెన్సన్, ఫిలిప్స్ ముగ్గురినీ పంపించేశారు. ట్రెలోర్‌కు కాంట్రాక్టు ఉంది, ఇక్కడే ఉంటానన్నాడు. అయినా సాగనంపారు, పైగా అతని జీతంలో కొంత మేమే కట్టాం. 2021లో 17వ స్థానం. 2022 చివర్లో గ్రండీని కూడా మెల్‌బోర్న్ క్లబ్‌కు పంపించి, అతని జీతంలోనూ కొంత మోశాం. ఆ మరుసటి ఏడాదే, 2023లో, బ్రిస్బేన్ మీద 4 పాయింట్లతో ఫ్లాగ్ గెలిచాం. గ్రాండ్ ఫైనల్‌లో బాగా ఆడినవాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ మెడల్ ఎవరికొచ్చింది? పెద్ద హడావిడి ఏమీ లేకుండా ట్రేడ్‌లో వచ్చిన బాబీ హిల్‌కు.

ఆటగాడు బాగా ఆడాడా లేదా అన్నది ఒక లెక్క, అతని జీతం వల్ల పక్కన ఎవరు లేకుండా పోయారన్నది ఇంకో లెక్క. క్యాప్ ఉన్న లీగ్‌లో రెండోదే ఎక్కువ బాధ పెడుతుంది. గ్రండీ తర్వాత సిడ్నీకి వెళ్లి ఎంత బాగా ఆడాడో అందరూ చూశారు. అతనిలో లోపం లేదు, మా క్లబ్ వేసుకున్న లెక్కలో ఉంది.

హంస_సిడ్నీ

పొడుగు కాంట్రాక్టు అనగానే నేను రావాల్సిందే. 2013లో మా సిడ్నీ క్లబ్ బడ్డీ ఫ్రాంక్లిన్‌కు తొమ్మిదేళ్లకు కోటి డాలర్లు ఇచ్చినప్పుడు మెల్‌బోర్న్ అంతా మా మీద పడింది. సిడ్నీలో అద్దెలు, ఖర్చులు ఎక్కువని మా ఆటగాళ్లకు 9.8 శాతం అదనపు అలవెన్సు ఉండేది. ఆ డబ్బుతోనే బడ్డీని కొన్నారని గోల. అలవెన్సు ఎత్తేయాలని నిర్ణయించారు. 2014లో మాకు ట్రేడ్ బ్యాన్ (వేరే క్లబ్బుల ఆటగాళ్లను తెచ్చుకోకుండా నిషేధం) కూడా వేశారు. మేం ఏ నిబంధన ఉల్లంఘించామో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు! రాసి ఉన్న రూల్ ప్రకారమే నడుచుకున్న క్లబ్‌కు శిక్ష వేస్తే దాన్ని శిక్ష అనాలా, కక్ష అనాలా?

బడ్డీ మాకు ఫ్లాగ్ తేలేదు, నిజమే. 2014, 2016, 2022 మూడు గ్రాండ్ ఫైనల్స్ ఓడిపోయాం. కానీ 2022 మార్చిలో ఎస్‌సీజీలో అతను వెయ్యో గోల్ కొట్టినప్పుడు వేలమంది గ్రౌండ్‌లోకి పరుగెత్తారు. రగ్బీ లీగ్ ఊరిలో ఫుటీకి అలాంటి రాత్రి వచ్చింది. కోటి డాలర్ల లెక్కలో దాన్ని ఎక్కడ రాస్తారు?

నేవీబ్లూ_కుటుంబం (మెల్‌బోర్న్)

ట్రేడ్ బ్యాన్ గురించి బాధపడుతున్న అక్కకు మా కార్ల్‌టన్ గాథ చెప్పాలి.

2002లో మేం చరిత్రలో మొదటిసారి ఆఖరి స్థానంలో నిలిచాం. కనీసం డ్రాఫ్ట్‌లో మొదటి రెండు పిక్స్ మావే కదా అనుకున్నాం. సరిగ్గా డ్రాఫ్ట్ ముందు, లెక్కల్లో చూపని డబ్బు ఆటగాళ్లకు ఇచ్చారని తేలింది. 9 లక్షల 30 వేల డాలర్ల ఫైన్, ఆ రెండు పిక్స్ పోయాయి, తర్వాతి ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి రెండు రౌండ్లూ పోయాయి. మాకు రావాల్సిన బ్రెండన్ గొడార్డ్ సెయింట్ కిల్డా క్లబ్‌కు, డేనియల్ వెల్స్ నార్త్ మెల్‌బోర్న్‌కు వెళ్లారు. 2005, 2006లో మళ్లీ ఆఖరి స్థానం. 1995 తర్వాత ఫ్లాగ్ లేదు.

చేసింది తప్పే. దాన్ని నేను సమర్థించను. చాటుగా డబ్బులిచ్చి పోటీని పాడు చేశారు. కానీ ఆ డబ్బు ఇచ్చినవాళ్లు బోర్డు నుంచి దిగిపోయి ఇళ్లకు వెళ్లారు, తీసుకున్న పెద్ద ఆటగాళ్ల కెరీర్లు అప్పటికే అయిపోయాయి లేదా అయిపోవస్తున్నాయి. ఆ తర్వాత నాలుగైదేళ్లు ప్రతి వారం ఘోరంగా ఓడిపోయింది ఏ పాపం తెలియని ఇరవై ఏళ్ల పిల్లలు. మెంబర్‌షిప్ కట్టి వాన, చలి లెక్కచేయకుండా వెళ్లి కూర్చున్నది మేము.

ఇదే ఊళ్లో రగ్బీ లీగ్ జట్టు మెల్‌బోర్న్ స్టార్మ్ క్యాప్ మోసం చేస్తే 2010లో రెండు టైటిళ్లు, 2007వీ 2009వీ, వెనక్కి తీసుకున్నారు. ఆ సీజన్ మిగతా అంతా పాయింట్లు లేకుండా ఆడించారు. అది మరీ కఠినం అంటారు గానీ నాకు అదే న్యాయంగా అనిపిస్తుంది. మోసం చేసి గెలిచింది పోవాలి. రేపు గెలవబోయేవాళ్ల కాళ్లు విరగ్గొట్టడం ఎందుకు?

విండీ_హిల్_రెడ్ (మెల్‌బోర్న్)

నేవీబ్లూ అన్నా, మీ బాధ నాకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది. మా ఎసెండన్‌ది ఇంకా ఘోరం.

2012లో క్లబ్ నడిపిన సప్లిమెంట్ల కార్యక్రమానికి 2013లో 20 లక్షల డాలర్ల ఫైన్, ఫైనల్స్‌లోంచి (సీజన్ చివర పై జట్లు ఆడే మ్యాచ్‌లు) గెంటేశారు, పిక్స్ పోయాయి, కోచ్ హర్డ్‌కు ఏడాది సస్పెన్షన్. (మా ఖాళీలోకి తొమ్మిదో స్థానంలో ఉన్న మీ కార్ల్‌టనే వచ్చింది, రిచ్‌మండ్‌ను ఓడించింది కూడా!) సరే, క్లబ్ తప్పుకు క్లబ్ శిక్ష అనుభవించింది అనుకున్నాం. 2016 జనవరిలో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు 34 మంది ఆటగాళ్లను డోపింగ్ దోషులని తేల్చింది. వాళ్లకు ఆ సీజన్ మొత్తం పోయింది. బయటి నుంచి పదిమందిని తెచ్చుకుని జట్టు కట్టి, ఆఖరి స్థానంలో నిలిచాం. జోబ్ వాట్సన్ తన 2012 బ్రౌన్‌లో మెడల్‌ను (ఏడాదిలో ఉత్తమ ఆటగాడికి అంపైర్ల ఓట్లతో ఇచ్చేది) వదులుకున్నాడు, అది ఓట్లలో తర్వాత ఉన్న కాచిన్, మిచెల్‌కు వెళ్లింది.

ఆటగాడు తన ఒంట్లోకి ఏం వెళ్తోందో తెలుసుకోవాలి అంటారు. నిజమే. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు క్లబ్ డాక్టర్లనీ కోచ్‌నీ కాదని ఎలా ఎదురు తిరుగుతాడు? జీతం ఇచ్చేది వాళ్లు, జట్టులో పేరు రాసేది వాళ్లు. ఆ పిల్లలకు "వద్దు" అనే బలమే లేదు. నాకు ఇప్పటికీ కడుపు మండిపోయేది అక్కడే. 2004 తర్వాత మేం ఒక్క ఫైనల్స్ మ్యాచ్ కూడా గెలవలేదు, దాన్నైనా భరించగలను.

లెక్కల_మాస్టారు

ఇద్దరూ చెప్పినదాంట్లో ఒక తేడా గమనించాలి. కార్ల్‌టన్ తప్పు డబ్బుది, శిక్ష డ్రాఫ్ట్‌లో పడింది. అడిలైడ్ కూడా అంతే: 2012లో తన ఆటగాడు కర్ట్ టిప్పెట్‌తో రహస్య ఒప్పందం బయటపడితే 3 లక్షల ఫైన్, పిక్స్ పోయాయి. కానీ అక్కడ ఆటగాడికీ శిక్ష పడింది. 22 మ్యాచ్‌ల సస్పెన్షన్, అందులో సగం ఆపి ఉంచి 11 మ్యాచ్‌లు, 50 వేలు ఫైన్. సీఈఓ కూడా కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాడు. సంతకం పెట్టిన ప్రతి చేతికీ తగిలింది. నా దృష్టిలో లీగ్ ఇచ్చిన తీర్పుల్లో కాస్త సబబైనది అదే.

మెల్‌బోర్న్ క్లబ్ సంగతి చూడండి. 2009లో పిక్స్ కోసం కావాలని ఓడిపోయిందన్న ఆరోపణ మీద విచారణ జరిగి, 2013లో "ఓడిపోవడానికి ప్రయత్నించలేదు" అని తేల్చారు, కానీ 5 లక్షల ఫైన్ వేశారు. తప్పు లేదంటే ఫైన్ ఎందుకు? ఉందంటే పిక్స్ ఎందుకు మిగిల్చారు? ఎన్నిసార్లు చదివినా ఆ తీర్పు నాకు మింగుడుపడదు.

తార్నీట్_అమ్మ (మెల్‌బోర్న్)

మీరంతా కోట్లూ లక్షలూ మాట్లాడుకుంటున్నారు. మా అమ్మాయి పిల్లల ఫుటీ శిక్షణ ఆస్‌కిక్‌కు వెళ్తుంది, ఆడవాళ్ల లీగ్ ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూ ఆడాలని కలలు కంటోంది, అందుకే ఆ వైపు నుంచి చెబుతాను.

2017లో ఆడవాళ్ల లీగ్ మొదలైనప్పుడు కనీస జీతం సీజన్‌కు 8,500 డాలర్లు. మొదటి మ్యాచ్‌కు ప్రిన్సెస్ పార్క్‌లో 24 వేల మందికి పైగా వచ్చారు, గేట్లు మూసేయాల్సి వచ్చింది. జనం రారన్న వాదన ఆ రాత్రే తేలిపోయింది. కొత్త ఒప్పందంతో 2027 నాటికి సగటు 82 వేల దాకా వెళ్తుంది. సంతోషమే. కానీ ఇప్పటికీ చాలామంది పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ట్రైనింగ్‌కు వెళ్తున్నారు. వాళ్ల పాస్ తప్పిపోతే, గోల్ మిస్సయితే "ఇదా ఆట" అని రాస్తారు. రోజంతా జిమ్, ఫిజియో, వీడియో రూమ్ ఉన్నవాళ్లతో పోల్చి రాస్తారు. జీతం తక్కువ ఇచ్చి, ఆట బాగాలేదనడం, ఆట బాగాలేదు కాబట్టి జీతం పెంచేది లేదనడం. ఈ చక్రంలోంచి ఎలా బయటపడాలి?

శిక్షల సంగతీ అంతే. మగవాళ్లకు ఒక్కో జట్టుకు 23 మ్యాచ్‌లు. 2025లో ఆడవాళ్లకు 12. ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ అంటే అమ్మాయికి సీజన్‌లో పన్నెండో వంతు పోయింది. ఫుట్స్‌క్రే అన్నయ్య అడిగిన శాతం లెక్క ముందు ఇక్కడ వేయాలి.

ఫుట్స్‌క్రే_వాసి

అక్కా, ఇది నాకు తట్టనే లేదు. చాలా బలమైన పాయింట్.

కాకుల_కోట (అడిలైడ్)

మ్యాచ్‌లన్నీ ఒకే బరువు కాదన్న మాట వచ్చింది కాబట్టి ఇంకో అడుగు వేస్తాను. 2025లో మా అడిలైడ్ టేబుల్‌లో మొదటి స్థానం. ఆగస్టులో ఐజాక్ ర్యాంకిన్ ప్రత్యర్థిని స్వలింగ సంపర్కుల్ని కించపరిచే మాట అన్నందుకు నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్. అతను లేకుండా రెండు ఫైనల్స్ ఆడి రెండూ ఓడిపోయి ఇంటికొచ్చాం. మాట తప్పు, శిక్ష పడాల్సిందే, దానిలో నాకు రెండో ఆలోచన లేదు. నా ప్రశ్న ఒక్కటే: ఏప్రిల్‌లో అయితే అవి నాలుగు మామూలు మ్యాచ్‌లు. సెప్టెంబర్‌లో అయితే ఏడాది కష్టమంతా. అంకె ఒకటే, శిక్ష ఒకటేనా?

నేవీబ్లూ_కుటుంబం

కాకుల తమ్ముడూ, ఫైనల్స్ అని తగ్గిస్తే సెప్టెంబర్‌లో ఎవరు ఏం చేసినా ఫర్వాలేదన్నట్టు అవుతుంది. 2018లో వెస్ట్ కోస్ట్ ఆటగాడు ఆండ్రూ గాఫ్, ఫ్రీమాంటిల్ కుర్రాడు ఆండ్రూ బ్రేషా దవడ విరిగేలా కొట్టాడు. ఎనిమిది మ్యాచ్‌లు. ఆ ఏడాదే వెస్ట్ కోస్ట్ ఫ్లాగ్ గెలిచింది. ఏడాదిలో చాలా భాగం ఆడినా గాఫ్‌కు ప్రీమియర్‌షిప్ మెడల్ లేదు, ఎందుకంటే ఆ రోజు ఆడినవాళ్లకే మెడల్. డబ్బు రూపంలో ఎంత వేసినా ఆ శిక్షకు సమానం కాదు. అలా ఉండాలి కూడా.

లెక్కల_మాస్టారు

మెడల్ మాట వచ్చింది కాబట్టి బ్రౌన్‌లో మెడల్ సంగతి కూడా. సస్పెండ్ అయితే ఆ ఏడాది బ్రౌన్‌లోకు అనర్హుడు, ఫైన్ అయితే కాదు. 1997లో బుల్‌డాగ్స్ క్రిస్ గ్రాంట్‌కు 27 ఓట్లు, గెలిచిన రాబర్ట్ హార్వీకి 26. ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ గ్రాంట్ మెడల్ తీసుకుపోయింది. 2022లో కార్ల్‌టన్ ఆటగాడు క్రిప్స్‌కు పడిన రెండు మ్యాచ్‌లను అప్పీల్ బోర్డు కొట్టేసింది, అదీ విచారణ జరిగిన తీరులో లోపాల మీద వాదించి. అతను ఒక్క ఓటు తేడాతో బ్రౌన్‌లో గెలిచాడు. క్రిప్స్ గొప్ప ఆటగాడు, 2024లో రికార్డు 45 ఓట్లతో అది మళ్లీ చూపించాడు. కానీ ఇక్కడ అప్పీల్‌కు పెద్ద లాయరును పెట్టుకునే స్థోమత కూడా లెక్కలోకి వస్తోంది కదా. ఇది కూడా డబ్బు సంగతే.

తార్నీట్_అమ్మ

బ్రేషా పేరు చూసి ఆగిపోయాను. అతని అన్న ఆంగస్ బ్రేషా సంగతి ఎవరూ ఎత్తలేదేం?

2023 ఫైనల్స్ మొదటి వారం మ్యాచ్‌లో కాలింగ్‌వుడ్ ఆటగాడు మేనార్డ్ బంతిని అడ్డుకోవడానికి గాల్లోకి ఎగిరి భుజంతో ఆంగస్ తలకు తగిలాడు. ట్రిబ్యునల్ మేనార్డ్‌ను నిర్దోషి అంది. అతను ఆడి ఫ్లాగ్ గెలిచాడు. ఆంగస్ 2024 ఫిబ్రవరిలో డాక్టర్ల సలహాతో ఆట మానేశాడు, 28 ఏళ్లకు. ఆ దెబ్బ తగిలాకే రూల్ మార్చారు.

మాగ్‌పై_మనోడు

అక్కా, మేనార్డ్ కొట్టాలని వెళ్లలేదు. ఆ వీడియో ఎన్నోసార్లు చూశాను, కళ్లు బంతి మీదే ఉన్నాయి. చేసిన పనికి శిక్షా, జరిగిన నష్టానికి శిక్షా అన్నది తేల్చకుండా కెరీర్ పోయింది కాబట్టి ఇతనిది తప్పు అంటే ఎలా? నాకు ఆంగస్ మీద ఎంత బాధ ఉందో, ఆ రాత్రి నుంచి మేనార్డ్ పడ్డ తిట్ల మీద కూడా అంతే బాధ ఉంది.

తార్నీట్_అమ్మ

అతన్ని శిక్షించమని నేననడం లేదు తమ్ముడూ. గాల్లోకి ఎగిరితే తల దగ్గర దిగుతామని అందరికీ తెలిసిన విషయమే, రూల్ ముందే ఉండాల్సింది. లీగ్ ఆలస్యానికి శిక్ష ఎవరు వేస్తారు? ఫైన్లుగా వచ్చే డబ్బంతా ఎక్కడికి పోతుందో నాకు తెలియదు గానీ, నా చేతిలో ఉంటే ప్రతి డాలరూ తల దెబ్బలతో ఆట మానేసినవాళ్ల వైద్యానికే పెడతాను. ఆడవాళ్లకూ కలిపి.

ఫుట్స్‌క్రే_వాసి

ఆ ఒక్కదానికి నా ఓటు ఇప్పుడే. శాతం లెక్క మీద మాస్టారు అడ్డు చెప్పింది నిజమే, కానీ జీతాల వరసలు లీగ్ దగ్గర ఎలాగూ ఉన్నాయి కదా. వరసను బట్టి మూడు నాలుగు రేట్లు పెడితే ఎవరి జీతం ఎంతో బయటపడదు. మాస్టారూ, ఈ పద్ధతిలో ఏమైనా చిక్కుందా?

లెక్కల_మాస్టారు

ఏ రేటు పడిందో చూసి వరస పట్టేస్తారండీ, కానీ అసలు అంకె మాత్రం దొరకదు. అంతవరకు ప్లేయర్స్ అసోసియేషన్ ఒప్పుకోవచ్చు. ప్రస్తుత ఒప్పందం 2027తో ముగుస్తుంది. అడగాలంటే ఆ చర్చల్లోనే అడగాలి.